కనుమకు దక్షిణం వైపు

రోడ్డు మీద ఐస్ పడుతుందో లేదో చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని అనంతపురంలో మా చిన్నాన్న ఫోన్ చేసినప్పుడల్లా అడిగేవాడు. ఉద్యోగమే. డునెడిన్‌లో రోడ్లు బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో, శీతాకాలపు డెస్కు మీద, నేను ఇన్నేళ్ళూ చేసింది అదే. ఈ మధ్యే మానేశాను. అరవై నిండకుండానే ఎందుకని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే: ఇన్ని చలికాలాలు ఆకాశం వంక చూసినవాడికి కాస్త నేల చూడాలని ఉండదా?

ఈ పనిలోకి ఇప్పుడు మన పిల్లలు కూడా వస్తున్నారు. వాళ్ళు చదువుకుని వస్తున్నారు. గాలి ఒత్తిడి గురించి వాళ్ళకు నేను చెప్పేదేమీ లేదు. పుస్తకంలో ఉండని సంగతులు నాలుగు చెబుతాను. నా ప్రమోషన్లతో, మీటింగులతో ఎవరికీ పని లేదు కనుక అవి వదిలేస్తున్నాను.

మా పని

నేను బి.కామ్ చదివి వేరుశనగ మిల్లులో లెక్కలు రాసినవాణ్ణి. నా భార్య సరళకు డునెడిన్ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆమె వెనకాల వచ్చాను. కంపెనీలో నా మొదటి పని, ఏ లారీ ఏ రోడ్డుకు వెళ్ళాలో ఫోన్‌లో చెప్పడం. చెబుతూ చెబుతూ ఒకటి గమనించాను. ఫోర్‌కాస్టులో చెప్పే చలికీ, మా రోడ్లలో పాతిపెట్టిన థర్మామీటర్లు చూపే చలికీ ఎప్పుడూ తేడా ఉండేది. ఆ తేడా ఒక్కో మలుపుకు ఒక్కో రకం. కానీ ఒకే మలుపు దగ్గర మాత్రం ఎప్పుడూ దాదాపు ఒకటే. మిల్లులో కాటా రోజూ ఒకే లెక్కన తప్పు చూపిస్తే మేము కాటా పారేసేవాళ్ళం కాదు, ఆ తప్పు ఎంతో తెలుసుకుని తీసేసేవాళ్ళం. ఇక్కడా అదే చేశాను. మలుపు మలుపుకూ తేడా కట్టుకున్నాను. కూడిక, తీసివేత. అంతకు మించిన విద్య నా దగ్గర లేదు. కొన్నాళ్ళకు నన్ను లారీల దగ్గర్నుంచి డెస్కు మీదికి మార్చారు.

కొత్తవాళ్ళు మంచు కురవడం చూసి భయపడతారు. కురిసేటప్పుడు ఎంతటివాడైనా నెమ్మదిగానే నడుపుతాడు. మేము భయపడాల్సింది కురవడం ఆగాక. మబ్బు విడిపోతుంది, గాలి పడిపోతుంది, లోకమంతా తెరిపిన పడిందనుకుంటుంది. తడి రోడ్డులో మిగిలిన కాస్త వేడీ అప్పుడే ఆకాశంలోకి పోతుంది. నడిపేవాడి కంటికి అది తడి. చక్రం కిందికి వచ్చేసరికి గాజు.

ఇంకో సంగతి. భూమధ్యరేఖకు దిగువనున్న ఈ దేశంలో సూర్యుడు ఉత్తరం వైపు నుంచి నడుస్తాడు. కొండకు దక్షిణం వైపు చలికాలమంతా నీడే. మనవాళ్ళకు ఇది తలకు ఎక్కుతుంది గానీ ఒంటికి ఎక్కదు. చలికాలం దక్షిణం వైపు వీపు పెట్టి ఎండ కాచుకుంటూ పెరిగిన ఒళ్ళు కదా! ఆక్లాండ్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్ళ మధ్య వాస్తు తిరగబడుతుందా లేదా అనే వాదన ఇప్పటికీ తేలలేదు. ఇంటి సంగతి నాకు తెలియదు. రోడ్డు సంగతి తెలుసు. రోడ్డుకు తిరగబడింది.

గ్రేమ్ అడిగే ప్రశ్న

మా బాస్ గ్రేమ్. మంచు తోసే లారీ నడిపి నడిపి ఆఫీసులోకి వచ్చినవాడు. ఓబులేసు అనడం నోరు తిరగక నన్ను ఓబీ అనేవాడు. నేను డెస్కు మీద కూర్చున్న మొదటి రోజు అంకెలన్నీ సిద్ధం చేసుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఆగు. ముందు నీకేం కావాలో చెప్పు. తర్వాత ఏమవుతుందో చెప్పు" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. లెక్కలవాణ్ణి, నాకేం కావాలి? "నాకేమీ అక్కర్లేదు" అన్నాను.

"అబద్ధం. ఏమీ అక్కర్లేనివాడు ఈ కుర్చీలో కూర్చోడు, ఓబీ. తొందరగా ఇంటికి పోవాలనుకునేవాడికి రోడ్డు పొడిగా కనబడుతుంది. మంచంటే పిచ్చి ఉన్నవాడికి ప్రతి మబ్బూ తెల్లగా కనబడుతుంది. నీదే పిచ్చి?"

చెప్పక తప్పలేదు. మాది వానకోసం మొహం వాచిన జిల్లా. ఆకాశాన్ని ఉత్తినే చూసేవాణ్ణి మా ఊళ్ళో నేను చూడలేదు. పడమట నల్లగా ఒక ముక్క లేస్తే చాలు, మా నాన్న విత్తనాల మూట విప్పేవాడు. మాకు జోస్యమన్నా మొక్కుబడి అన్నా ఒకటే. అలాంటివాణ్ణి డునెడిన్ వచ్చిన మొదటి చలికాలం ఒక ఉదయం కిటికీ తీశాను. బస్సు శబ్దం లేదు, పిట్ట శబ్దం లేదు. వీధి మొత్తం దూది చుట్టినట్టు. పై నుంచి అంత నీరు, అంత నిశ్శబ్దంగా దిగుతోంది. సరళ డ్యూటీకి ఎలా వెళ్ళాలని తిట్టుకుంటోంది. నేను లుంగీ మీద బయటికి వెళ్ళి నోరు తెరుచుకుని నిలబడ్డాను. "లోపలికి రాండి, న్యుమోనియా వస్తే మా వార్డులోనే పడేస్తారు" అని అరిచింది.

"అయితే నీకు మంచు కావాలి" అన్నాడు గ్రేమ్ ఇదంతా విని. "సరే. రోజూ ముందు అది పైకి చెప్పు. చెప్పాక లెక్క చెయ్యి."

గ్రేమ్ గొప్పవాడని రాయడం లేదు. ఫోన్‌లో అరిచేవాడు. పాత డ్రైవర్ మాట అంటే థర్మామీటర్‌ని కూడా కాదనేవాడు, దానివల్ల నష్టపోయిన ఉదయాలు ఉన్నాయి. కానీ ఈ ఒక్క ప్రశ్నకు మాత్రం నేను ఆయనకు రుణపడ్డాను. కోరిక మానుకోమని ఆయన ఎప్పుడూ అనలేదు. మానుకున్నామనుకునేవాళ్ళే ఈ పనిలో ఎక్కువ ప్రమాదం.

మంచు ప్రేమికులు

నెలకోసారి లైబ్రరీ గదిలో కొంతమంది చేరేవాళ్ళు. ఉద్యోగం కోసం కాదు, వాతావరణం మీద ప్రేమతో. పెరట్లో వానకొలతలు, గాలి చక్రాలు పెట్టుకున్న జనం. నేనూ వెళ్ళేవాణ్ణి. తుఫాను కొండ మీదే ఆగిపోయి ఊళ్ళో మంచు పడకపోతే పెళ్ళి తప్పినంత బాధ అక్కడ. ఒకాయన కట్టెల కొట్టం మంచు బరువుకు కూలిపోయింది. ఆయన ముందు ఫొటో తీసుకుని, మంచు ఎంత లోతుందో కొలిచి, అప్పుడు భార్యను పిలిచాడట.

ఆ గదిలో నన్ను ఆలోచనలో పడేసిన మనిషి ఒక పెద్దావిడ. ఐస్ మీద జారి ఆమె భర్త తుంటి విరిగింది, మళ్ళీ సరిగా నడవలేదు. అయినా మంచు వస్తుందంటే ఆమే అందరికంటే ముందు మెసేజ్ పెట్టేది. ఎలా చూడగలుగుతున్నారని ఒకరోజు అడిగేశాను.

"దాన్ని నేను క్షమించలేదు" అంది. "కానీ అది వచ్చినప్పుడు వీపు తిప్పుకుని కూర్చోలేను."

అంతకంటే నిజాయితీగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

మనవాళ్ళ ముహూర్తాలు

ఆక్లాండ్‌లో మంచు పడదు. అక్కడ మౌంట్ ఆల్బర్ట్‌లో ఉండే తెలుగువాళ్ళకు పిల్లలతో మంచు చూడటం అంటే ఒక తీర్థయాత్ర. విమానంలో క్రైస్ట్‌చర్చ్ దిగి, వ్యాన్లు అద్దెకు తీసుకుని, పులిహోర డబ్బాలు సర్దుకుని, కొండల్లోకి బయల్దేరతారు. ఏ వారాంతం రావాలో తెలియాలి కదా. నేను ఈ పనిలో ఉన్నానని తెలిశాక, ఇక్కడ చలికాలం మొదలయ్యే జూన్ వస్తే నా ఫోన్ ఆగేది కాదు. "అంకుల్, ఈ నెల్లో మంచుకు మంచిరోజు ఏమైనా ఉందా?" అని అడిగేవాళ్ళు, పెళ్ళి ముహూర్తం అడిగినట్టు. కొందరు నాకు మంచు పంతులని పేరు పెట్టారు.

నాకది సరదాగానే ఉండేది. నా ఉద్యోగం మాత్రం జనాన్ని ఆ దారుల్లోంచి తప్పించడం. మధ్యాహ్నం దాకా తప్పించి, సాయంత్రం ఇంటికొచ్చి రమ్మని చెప్పడం. ఈ రెండూ ఎక్కడో ఒకచోట ఎదురుపడతాయని సరళ ఎప్పుడో అంది.

రమణ నా డిగ్రీ స్నేహితుడు. మౌంట్ ఆల్బర్ట్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్. ఒక జూలైలో, స్కూలు సెలవుల్లో, ఫోన్ చేశాడు.

"ఒరేయ్ ఓబులేసూ, మూడు వ్యాన్లలో వస్తున్నాం. ముహూర్తం పెట్టు."

క్రైస్ట్‌చర్చ్ నుంచి క్వీన్స్‌టౌన్ వెళ్ళే దారిలో కొండల మధ్య ఒక ఎత్తైన కనుమ ఉంది. ఆ కనుమ మా డెస్కు కిందిదే. శుక్రవారం రాత్రి అక్కడ మంచు పడుతుంది, శనివారం పొద్దున తెరిపి ఇస్తుంది, సాయంత్రానికి దక్షిణం నుంచి రెండో గాలి, అది పెద్దది. ఇదీ నా లెక్క.

"శనివారం పొద్దున పైకి చేరండి" అన్నాను. "పన్నెండులోగా అవతలికి, దక్షిణం వైపు దిగిపోతే క్వీన్స్‌టౌన్‌లో టీ తాగుతారు. అప్పటిదాకా చక్రాలు జారకుండా మేము చల్లిన కంకర పనిచేస్తుంది. పన్నెండు దాటిందా, వచ్చిన దారినే ఉత్తరానికి తిరగండి. ముందుకు పోవద్దు."

"వర్జ్యం గూడా చెప్తివే! నిజంగానే పంతులువి అయినావు పో."

ఆ శనివారం

పొద్దున డెస్కు దగ్గరే, కనుమ మీద మేము పెట్టిన కెమెరాలో చూశాను. పసుపు గడ్డి కొండలు మొత్తం మునిగి, ఒక్క మడత లేకుండా, ఎండలో నీలంగా మెరుస్తున్నాయి. రమణావాళ్ళు ఎప్పుడు కనబడతారా అని చూస్తూనే ఉన్నాను. పది అయింది, పదకొండు అయింది, రాలేదు. తర్వాత తెలిసింది, మోటెల్‌లో ఉప్మా చేసుకున్నారు, దారిలో చెరువు దగ్గర ఫొటోలు దిగారు.

పన్నెండు దాటాక దక్షిణ తీరంలోని వాతావరణ స్టేషన్లలో గాలి తిరిగింది. సాయంత్రం తిరగాల్సిన గాలి. ఒక స్టేషన్ నుంచి తర్వాతి స్టేషన్‌కు ఎంతసేపట్లో వచ్చిందో చూసి, ముందుకు లెక్క వేశాను. రెండు గంటలకల్లా కనుమ మీద ఉంటుంది. కెమెరా వైపు చూశాను. సరిగ్గా అప్పుడే కనుమ నెత్తిమీద తెల్ల వ్యాన్లు ఆగి ఉన్నాయి. రంగురంగుల జాకెట్లు మంచులో పరుగెత్తుతున్నాయి.

గ్రేమ్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. "నీకేం కావాలి?"

"కనుమ తెరిచి ఉంచాలని ఉంది. వాళ్ళు నా స్నేహితులు. నా మాట మీద వచ్చారు. హాయిగా అవతలికి దిగిపోవాలని ఉంది." ఆగి, మిగతాది కూడా చెప్పాను. "ఆ గాలి కనుమను కొట్టడం చూడాలనీ ఉంది."

"ఏమవుతుంది?"

"దక్షిణం వైపు మూడో మలుపు ఇప్పటికే మైనస్ నాలుగు. గట్టు మీద కరిగిన నీళ్ళు రోడ్డు మీదికి వచ్చి గడ్డకడుతున్నాయి. రెండుకు గాలి. కనుమకు అటూ ఇటూ రోడ్డు మూసే గేట్లు రెండూ వేయించాలి. ఇప్పుడే."

వేయించాడు. మా టామా అప్పటికే మంచు తోసే లారీతో ఉత్తరం వైపు నుంచి ఎక్కుతున్నాడు. టామా ఇక్కడి మూలవాసి, మావోరీ మనిషి, లారీకి రాకముందు గొర్రెల ఉన్ని కత్తిరించే ముఠాలో ఉండేవాడు. మాట తక్కువ. పైకి చేరి రేడియోలో పిలిచాడు.

"ఓబీ, ఇక్కడ నీ చుట్టాలున్నారు. నాకు పులిహోర పెట్టారు. కదలమంటే కదలట్లేదు. ఒకాయన నువ్వు తనకు తమ్ముడివంటున్నాడు."

"రేడియో ఆయనకివ్వు."

రమణ గొంతు వచ్చింది, గాలికి ఎగపోస్తూ. "ఒరేయ్, ఈ లారీ ఆయన వెనక్కి పొమ్మంటాడేమి రా?"

"ఆయన చెప్పేది నేను చెప్పిందే. ఉత్తరానికి తిరుగు."

"హోటలు ఆ పక్కుంది రా, దక్షిణం పక్క. ఎండ గూడా ఆ పక్కే కదా, అంతా కరిగిపోయింటుంది. మెల్లగా దిగిపోతాం."

"ఎండ యాడుంది రా ఆ పక్క? నీ నీడ చూసుకో. యాడికి పడింది?"

రేడియో గరగరలో, మంచు మీద అతను వెనక్కి తిరిగిన బూట్ల చప్పుడు వినబడింది.

"హోటలు పక్కకే పడింది" అన్నాడు.

"కొండ నీడా ఆ పక్కకే పడింది. రోడ్డంతా ఆ నీడలోనే ఉంది. తిరుగు, రమణా."

"సరే లే, తిప్పుతాం." అన్నవాడు మళ్ళీ పిలిచాడు. "ఒరేయ్. కిషోర్ వాళ్ళు పోయినారు."

కెమెరాలో వ్యాన్లు లెక్కపెట్టాను. రెండే ఉన్నాయి.

కిషోర్ రమణ తోడల్లుడు. గుంటూరు వైపు మనిషి. ముందు వెళ్ళి రూములు తీసుకుంటామని, భార్యనూ ఇద్దరు పిల్లలనూ ఎక్కించుకుని, గేటు పడకముందే దక్షిణం వైపు దిగాడు. ఆ వైపు ఫోన్ అందదు. రెండో మలుపు దాటితే మా రేడియో కూడా అందదు.

టామా రెండు వ్యాన్లనూ ఉత్తరానికి తిప్పి పంపి, తాను దక్షిణానికి దిగాడు. రేడియోలో ఆఖరి మాట, "నీడలోకి వెళ్తున్నా."

తర్వాత మేం చేయగలిగింది చూడటమే. అంతకుముందు గాలి ఉత్తరం నుంచి ఉండేది. అది ఆగిపోయింది. కనుమ మీద గాలి సున్నా అని చూపింది. అంత ఎత్తున సున్నా అన్న అంకె నేను చాలా అరుదుగా చూశాను. అప్పుడు కెమెరాకు ఆ చివర, దక్షిణపు కొండల మీద, గోడ లేచింది. మబ్బు అనడానికి లేదు. అంచు కత్తితో కోసినట్టుంది. దాని ముందు ఎండ, దాని వెనక ఏమీ లేదు. కొండ తర్వాత కొండను తుడుచుకుంటూ వచ్చింది. థర్మామీటర్ అంకె చూస్తుండగానే జారిపోయింది. గాలి అంకె సున్నా నుంచి ఒక్కసారిగా లేచి ఆగకుండా పెరిగింది. కెమెరా స్తంభం ఊగింది. ఒక్క క్షణం మొత్తం తెర వెండిలా వెలిగి, తర్వాత బూడిద రంగు.

ఆ క్షణంలో నా గుండె ఎగిరింది. భయంతో కాదు. ఇద్దరు పిల్లలు ఆ గోడలో ఉన్నారని తెలిసి, నా స్నేహితుడి బంధువులని తెలిసి కూడా, ఇంత అందమైనది మళ్ళీ చూడననిపించింది. రెండూ ఒకేసారి. ఒకటి ఇంకోదాన్ని తగ్గించలేదు. నా మొహం మీద అది కనబడే ఉంటుంది, ఎందుకంటే గ్రేమ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "నాకూ అంతే" అన్నాడు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ఆ ఆనందం తప్పు కాదు. గేటు వేశాక వచ్చింది కాబట్టి తప్పు కాదు. గేటు వేయకముందు వచ్చి, ఇంకో పది నిమిషాలు చూద్దాం అనిపిస్తే, అప్పుడు మీరు కుర్చీలోంచి లేచి ఇంకొకర్ని కూర్చోబెట్టండి.

రేడియో పలికేసరికి మూడు దాటింది. టామా దక్షిణపు గేటు దగ్గర్నుంచి. "నలుగురూ నా క్యాబిన్‌లో ఉన్నారు. చిన్నది నా టోపీ ఇవ్వనంటోంది."

జరిగింది తర్వాత టామా, కిషోర్ చెరికాస్త చెప్పారు. మూడో మలుపులో వ్యాన్ అడ్డం తిరిగి కొండవైపు కాలువలోకి దిగింది. కిషోర్ వ్యాన్‌లో కాళ్ళకింద పరిచిన మ్యాట్లు తీసి చక్రాల కింద పెడుతున్నాడు. భార్య దిగనంటోంది. "లోపల హీటరుంది కదండీ, ఇక్కడే ఉంటాం. గాలి తగ్గాక ఎవరో వస్తారుగా" అంటోందట. టామాకు ఆమె తెలుగు అర్థం కాలేదు, అర్థమయ్యే అవసరమూ లేకపోయింది. చిన్నదాన్ని ఎత్తుకుని లారీ వైపు నడిచాడు. తల్లి వెనకాల రాక ఏం చేస్తుంది? లారీ తలుపు వేస్తుండగా గోడ వాళ్ళ మీద పడింది.

రమణ మాత్రం ఆ సాయంత్రం ఉత్తరం వైపు ఊరి హాల్లో, ఊరివాళ్ళిచ్చిన దుప్పట్లో కూర్చుని నాకు ఫోన్ చేసి, కిషోర్ క్షేమమని రెండుసార్లు చెప్పించుకుని, ఆ తర్వాత అన్నాడు: "మా వెనకాల్నే వచ్చింది రా అది. అద్దంలో చూస్తా ఉంటే కొండ లేకుండా పోయింది. పిల్లోళ్ళు గూడా ఎనక్కి తిరిగి చూస్తానే ఉండిరి." ఆఖర్న, "ఉప్మా చేసుకోకుండా ఉండాల్సింది" అన్నాడు.

తవ్వకం

కనుమ తెరవడానికి సోమవారం అయింది. నేను డెస్కు వదిలి టామా లారీలో వెళ్ళాను. దక్షిణపు గేటు దగ్గర కిషోర్ ఎక్కాడు. కాసేపయ్యాక, "మా ఆవిడ పొద్దున్నుంచీ దణ్ణం పెడుతోందండీ, ఎవరికి పెట్టాలో తెలీక లారీకి పెట్టింది" అన్నాడు. టామాకు ఇంగ్లీషులో చెప్పాను. లారీకి కూడా చెబుతానన్నాడు.

మూడో మలుపు లేదు. కొండ, కాలువ, రోడ్డు, అన్నీ కలిసి ఒకటే వాలు అయ్యాయి. దాని మీద గాలి గీసిన సన్నని గీతలు, పొద్దున్నే ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. వ్యాన్ ఎక్కడుందో పొడవాటి కర్రలు గుచ్చి వెతికారు. పలుగు దిగిన ప్రతిచోటా గుంత లోపల నీలం కాంతి. నేను లెక్కలవాణ్ణి, ఆ లోతు కొలిచి ఉండాల్సింది. కొలవలేదు. నా తలకన్నా ఎత్తుంది, అంతే గుర్తు.

మధ్యాహ్నానికి పైకప్పు తగిలింది. తర్వాత డ్రైవర్ వైపు తలుపు. టామా తెరవబోయి ఆగి, కిషోర్‌కు దారి ఇచ్చాడు.

తొందరలో కిషోర్ తన వైపు అద్దం వేలెడు సందు వదిలేసి దిగాడు. ఆ సందులోంచి రెండు రోజులు మంచు వచ్చింది. బియ్యప్పిండి జల్లించినట్టు, పొడి పొడిగా. మిగతా సీట్లు ఖాళీగా, శుభ్రంగా ఉన్నాయి. వెనక పిల్లల బొమ్మ ఒకటి, పులిహోర డబ్బా ఒకటి. డ్రైవర్ సీట్లో మాత్రం మంచు కూర్చుని ఉంది. సీటు నిండా, స్టీరింగ్‌ను ఆనుకుని, మనిషి ఎత్తున, భుజాల దగ్గర కాస్త వాలి.

ఎవరూ కదల్లేదు. పలుగులు పట్టుకున్నవాళ్ళు కూడా ఆగారు. కిషోర్ చెయ్యి చాపాడు గానీ ముట్టుకోలేదు.

"చాలా బాగుందన్నా" అన్నాడు.

తర్వాత, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.